వృత్తి అనే గడిలో ఏం రాయమంటారు?

2024 నవంబరులో తెలంగాణ అంతటా ఇంటింటి కుటుంబ సర్వే జరిగిన సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది. ముందుగా ఎవరో వచ్చి తలుపు మీద స్టిక్కరు అంటించి వెళ్ళారు. తరువాత ఒక మధ్యాహ్నం పూట, చంకలో ఫారాల కట్టతో ఒక టీచరమ్మ గారు తల్లాడలోని మా ఇంటికి వచ్చారు. ఆ సర్వే కోసం ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూట నడిపి టీచర్లను ఇళ్ళ వెంట తిప్పారు కదా. పాపం, పొద్దున బడిలో పాఠం చెప్పి, అన్నం తిన్నారో లేదో, ఆమె వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. చిన్నవీ పెద్దవీ కలిపి 75 ప్రశ్నలట. మంచినీళ్ళిచ్చాను. పేర్లు, వయసులు, చదువులు చకచకా అయిపోయాయి. మావారి వృత్తి దగ్గర "మోటారు వైండింగు" అని రాసుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది.

"చదువు బీయస్సీ, బీఎడ్ అన్నారు. వృత్తి ఏం రాయమంటారమ్మా?"

నేను నోరు తెరిచే లోపలే మా అత్తయ్య, "ఏం లేదమ్మా, ఇంట్లోనే ఉంటది" అన్నది. ఆమె తప్పేమీ లేదు. ఆమె ఉద్దేశంలో అది పొగడ్త. కోడలు ఇంటిపట్టున ఉండటం ఆమె కాలంలో గొప్ప. తలుపు చాటు నుంచి మా పెద్దమ్మాయి, "మా అమ్మ డీఎస్సీ రాసింది, రాలేదు" అని ఎవరూ అడగని సమాచారం అందించింది. ఇంతలో వసారాలో మంచం మీద ఉన్న మా మామయ్య, పక్షవాతం వచ్చినప్పటి నుంచి మాట ముద్దగా వస్తుంది, బాగున్న ఎడమ చెయ్యి పైకెత్తి, "టీ... చరు" అన్నారు.

ముగ్గురూ మూడు జవాబులు చెప్పారు. టీచరమ్మ గారు నా వంక చూశారు. నేను, "మీ ఇష్టం మేడమ్" అన్నాను. ఆమె ఏదో రాసుకున్నారు. ఫారం అటు తిరిగి ఉంది గనుక ఏం రాశారో నాకు కనిపించలేదు. ఆమె టీ తాగి పక్కింటికి వెళ్ళిపోయారు. నేను ఆ గ్లాసు తోముతూ, తోమిన గ్లాసునే మళ్ళీ తోముతూ ఉండిపోయాను. 37 ఏళ్ళ దాన్ని, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఒక్క గడి నింపలేకపోయాను.

నా ఉద్యోగ చరిత్ర ఏమంత పెద్దది కాదు. 2011లో ఖమ్మంలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. పొద్దున ఏడుకల్లా తల్లాడ సెంటర్లో నిలబడేదాన్ని. మా ఊరి సంగతి తెలియని వారికి చెబుతున్నాను, ఇది నాలుగు దారులు పలకరించుకునే చోటు. సత్తుపల్లి, కల్లూరు నుంచి వచ్చే బస్సులు ఖమ్మం వైపు పోతుంటే, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం అడవి వైపు వెళ్ళే దారి ఇక్కడే చీలుతుంది. బొగ్గు లారీలు, పత్తి ట్రాక్టర్లు, మిరప బస్తాల వ్యాన్లు, మధ్యలో చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో, టిఫిన్ డబ్బా ఒక చేత్తో పట్టుకుని నేను. బస్సులోనే జవాబు పత్రాలు దిద్దేదాన్ని. వైరా జలాశయం దాటేసరికి పది పేపర్లు దిద్దితే ఆ రోజు బస్సులో సీటు దొరికినట్లు లెక్క.

పెద్దమ్మాయి 2014లో పుట్టింది. బడి వాళ్ళు మూడు నెలలు సెలవిచ్చారు, జీతం లేకుండా. అప్పుడు అదే మహా ప్రసాదం అనుకున్నాను. చట్టాలు చదివే తీరిక ఎవరికుంది? 1961 నాటి ప్రసూతి చట్టం 12 వారాల జీతంతో కూడిన సెలవు చెప్పింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లల వరకు అది 26 వారాలయింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ 26 వారాలు అలాగే ఉన్నాయి. మంచిదే. ప్రైవేటు బళ్ళ టీచర్లకు కూడా ఇది వర్తించేలా కేరళ ప్రభుత్వం 2020లో ప్రత్యేకంగా చర్య తీసుకున్నదంటే, మిగిలిన చోట్ల మా సంగతి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. అయినా నాకొక సందేహం. ఆరు నెలలు నిండిన మర్నాడు బిడ్డ లేచి తానే పాలు కలుపుకుంటుందని ఈ లెక్క వేసిన వారి ఉద్దేశమా? చట్టం ఎంత మంచిదైనా ఏడో నెల నుంచి మళ్ళీ అత్తయ్యో, అమ్మో, పక్కింటి పిన్నిగారో కావలసిందే.

చిన్నవాడు 2019 వేసవిలో పుట్టాడు. వాడికి రెండో నెలలో మా మామయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఒక గదిలో తిప్పుకోలేని పసివాడు, ఇంకో గదిలో తిప్పుకోలేని పెద్దాయన. ఇద్దరికీ ఒకే రకం జావ కాచేదాన్ని, ఒకరికి పంచదార, ఒకరికి ఉప్పు. ఒకసారి తారుమారైంది. పసివాడు ఉమ్మేశాడు. మామయ్య మాత్రం కళ్ళతో నవ్వి మొత్తం తాగేశారు. షుగరు మనిషి గదా, ఏడాది తరువాత దక్కిన తీపి అది. అత్తయ్యకు ఇప్పటికీ ఆ సంగతి తెలియదు. ఈ పత్రిక ఆమె చదవదు గనుక ధైర్యంగా రాస్తున్నాను.

"ఒక్క ఏడాది సెలవు" అని బడిలో చెప్పి వచ్చాను. ఆ ఒక్క ఏడాది నిండక ముందే 2020 మార్చి వచ్చింది, బళ్ళన్నీ మూతపడ్డాయి. నేను స్వయంగా మానుకున్నాను, నా తోటి వారిని కాలం మాన్పించింది. ఖమ్మంలో ఒక ప్రైవేటు బడి నడిపించే సారు ఇడ్లీ దోసెల బండి పెట్టుకున్న సంగతి ఆ ఏడాది దేశమంతా వార్తల్లో వచ్చింది. 2021 ఏప్రిల్లో ప్రభుత్వం ప్రైవేటు బళ్ళ టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. నాతో పనిచేసిన సైన్సు టీచరు ఆ బియ్యం సంచి మోసుకొస్తూ దారిలో నాకు ఫోను చేసి, "జీతం బరువు మొదటిసారి తెలిసిందక్కా" అని నవ్వింది. నవ్విందో ఏడ్చిందో ఫోనులో సరిగా తెలియలేదు. నేను అప్పటికే మానేసినదాన్ని గనుక ఆ జాబితాలో నా పేరు లేదు. సెలవులో ఉన్న మనిషికి కష్టం కూడా లెక్కలోకి రాదని అప్పుడు తెలిసింది.

ఇక ముప్పైల సంగతి. ఇరవైల్లో మనకు పెళ్ళి శుభలేఖలు వస్తాయి. నలభైలు దాటాక పిల్లల పెళ్ళి శుభలేఖలు పంపుతాం. మధ్యలో ఈ పదేళ్ళూ వచ్చేవి మూడే: స్కూలు ఫీజు చీటీలు, పెద్దవాళ్ళ మందుల చీటీలు, గృహప్రవేశాల పిలుపులు. ఆ మూడోది మనది కాదు, ఎప్పుడూ తోడికోడలిదే. బస్సులో కండక్టరు "అక్కా, ముందుకు జరుగు" అనేవాడు, ఒక రోజు ఉన్నట్టుండి "ఆంటీ" అంటాడు. ఆ రోజు ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడని స్త్రీ ఉంటే ఆమెకు నా వందనాలు. నేనైతే నిలబడ్డాను. చెవి పక్కన ఏడు తెల్ల వెంట్రుకలు. లెక్కల టీచరు గదా, లెక్కపెట్టకుండా ఉండలేను.

మావారిదీ ఒక రకం విరామమే, కాకపోతే దానికి రుతువులున్నాయి. వానలు బాగా పడి సాగరు కాలువ నిండుగా పారుతుంటే బోరు మోటార్లు ఆడవు. మోటార్లు ఆడకపోతే కాలవు. కాలకపోతే మా షాపుకు రావు. ఊరంతా వానకు సంతోషిస్తుంటే మా ఇంట్లో పైకి సంతోషం, లోపల పచారీ కొట్టు బాకీ. ఎండలు ముదిరి వోల్టేజీ పడిపోతే మాకు పండగ, రైతుకు దుఃఖం. ఈ ఇరకాటం వల్ల వాన కోసం ప్రార్థించేటప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గుతుందని నా అనుమానం. ఆయనకు మూడు నెలలు పని లేకపోతే "సీజను కాదు" అంటారు. నాకు ఆరేళ్ళు జీతం లేకపోతే "ఖాళీగా ఉంది" అంటారు. తేడా గమనించారా?

2020 జనవరిలో, అంటే బళ్ళు మూతపడటానికి కొద్దిగా ముందు, చిన్నవాణ్ణి ఒళ్ళో వేసుకుని పాత పేపర్లు తిరగేస్తుంటే కోనేరు హంపి ఫోటో కనిపించింది. 2019 డిసెంబరు చివర మాస్కోలో మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగంలో ఛాంపియన్ అయింది. గుడివాడలో పుట్టిన పిల్ల, 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయిన పిల్ల, మనకు తెలియనిది కాదు. కానీ ఆ రోజు నన్ను ఆపింది పతకం కాదు. ఆమెకు 2017లో కూతురు పుట్టింది, ఆమె రెండేళ్ళ దాకా ఆట వదిలేసి మళ్ళీ 2018 చివర్లో బటూమి ఒలింపియాడ్‌తో బరిలోకి వచ్చింది, బిడ్డను చూసుకోవడంలో అమ్మానాన్నల సాయం ఉంది అనే నాలుగు వాక్యాలు. ఆమె, నేనూ ఒకే ఏడాది పుట్టాం, 1987లో. పోలిక అక్కడికే సరి, నాకు గుర్రం ఎటు దూకుతుందో కూడా సరిగా తెలియదు. అయినా ఆ పేపరు ముక్క కత్తిరించి బియ్యం డబ్బా మూత లోపల అంటించాను. 2024 డిసెంబరులో న్యూయార్కులో ఆమె అదే టైటిలు రెండోసారి గెలిచింది, 37 ఏళ్ళ వయసులో. అప్పటికి నా పేపరు ముక్కకు పురుగు పట్టింది. కొత్తది అంటించాను.

హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా కూడా అంతే. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు, 2020 జనవరిలో హోబర్టులో డబుల్స్ టైటిలుతో తిరిగి వచ్చింది. అయితే వీళ్ళను చూసి మనం గర్వపడవచ్చుగానీ, వీళ్ళను చూపించి ఇంట్లో కోడళ్ళను దెప్పడం న్యాయం కాదు. ఆటలో తిరిగి వస్తే గెలుపు ఓటములు బోర్డు మీద కనిపిస్తాయి. ఉద్యోగంలో తిరిగి వస్తే ఇంటర్వ్యూ గదిలో ఎదుటివారి కనుబొమలు కనిపిస్తాయి.

ఇప్పుడు డీఎస్సీ కథ. తెలంగాణలో 2017 నాటి టీచర్ల నియామక ప్రకటన తరువాత మళ్ళీ పెద్ద ప్రకటన 2024 ఫిబ్రవరి చివర వచ్చింది, 11,062 పోస్టులు. వయసు పరిమితి 46 ఏళ్ళని చదివి ప్రాణం లేచొచ్చింది. నా టెట్ సర్టిఫికెట్టు 2012 నాటిది. పాత నిబంధన ప్రకారం ఏడేళ్ళకే చెల్లిపోవాలి. 2021లో కేంద్రం దానికి జీవితకాలపు చెల్లుబాటు ఇచ్చింది గనుక బీరువాలో చచ్చి పడున్న ఆ కాగితం లేచి కూర్చుంది. నేనూ దానితో పాటు లేచి కూర్చున్నాను, తెల్లవారుజామున మూడున్నరకు.

చదువుకోవడానికి ఇంట్లో చోటు లేదు. వసారాలో మామయ్య, గదిలో పిల్లలు, వంటింట్లో అత్తయ్య. చివరికి మావారి షాపులో, వైండింగు బల్ల మీద, రాగితీగ చుట్టల మధ్య చదివాను. నా నోట్సులకు ఇప్పటికీ వార్నిషు వాసన. త్రికోణమితి గుర్తుంది, కలనగణితం తుప్పు పట్టింది, మనోవిజ్ఞానం అసలు చదివానా అని అనుమానం వచ్చింది. పరీక్ష కంప్యూటరు మీద అని తెలిశాక మా పెద్దమ్మాయి నాకు మౌసు పట్టుకోవడం నేర్పింది. నేను దానికి ఎక్కాలు నేర్పినప్పుడు ఎన్ని కేకలు వేశానో అన్నీ వడ్డీతో తిరిగి ఇచ్చింది. "అమ్మా, గట్టిగా నొక్కకు, అది సన్నికల్లు కాదు!"

ఆ నెలల్లో ఇంటి పని ఎలా సాగిందని అడగకండి. పప్పుచారు, అప్పడాలు, మర్నాడు అప్పడాలు, పప్పుచారు. ఒక ఆదివారం మందిరం నుంచి బయటకు వస్తుంటే మా సంఘంలో ఒక పెద్దమ్మ, "ఇన్నేళ్ళయినాక మళ్ళీ ఏం చదువుతవు బిడ్డా అని అనుకోకు. మోషే నలభై ఏళ్ళు గొర్రెలు కాశాడు, ఆ తరువాతే కదా పని మొదలుపెట్టింది" అని ధైర్యం చెప్పింది. "ఆయనకు 80 మార్కుల పరీక్ష పెట్టలేదు పెద్దమ్మా" అన్నాను. "పది తెగుళ్ళు పెట్టిండు గదా" అన్నది. మా పెద్దమ్మ దగ్గర మాటకు కొదవ లేదు.

జూలై, ఆగస్టుల్లో పరీక్షలు. రాత పరీక్షకు 80, టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ. సెప్టెంబరు 30న ఫలితాలు వచ్చాయి. ఒక పోస్టుకు ముగ్గురు చొప్పున సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచారు, ఆ ముగ్గురిలో నేనున్నాను. ఆ వారం రోజులు మా ఇంట్లో పండగ. మావారు ఎవరికీ చెప్పవద్దు అంటూనే మోటారు పట్టుకొచ్చిన ప్రతి రైతుకూ చెప్పారు. అత్తయ్య, నేను బడికి వెళ్తే చిన్నవాణ్ణి ఎవరు ఎత్తుకోవాలో నిర్ణయించేసింది, వాడికి అప్పటికి ఐదేళ్ళు నిండినా. అక్టోబరు 9న హైదరాబాదులో నియామక పత్రాలిచ్చారు. ఎంపికైన వారి జాబితాలో నా పేరు లేదు. రెండు మార్కుల దూరం.

ఆ సాయంత్రం మామయ్యకు మాత్ర వేస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదో అన్నారు. మాట సాగలేదు. ఐదేళ్ళుగా ఆయన ముద్ద మాటలు ఇంట్లో అందరికంటే నాకే బాగా అర్థమవుతాయి. "నా... వల్ల..." అన్నారు. నేను గట్టిగా, "మీ వల్ల కాదు మామయ్యా, మనోవిజ్ఞానం వల్ల" అన్నాను. మూడు మార్కులు అక్కడే పోయాయి, అది నిజం. ఆయన నమ్మారో లేదో. సరిగ్గా నెల తరువాత సర్వే టీచరమ్మ వస్తే ఆయన ఎడమ చెయ్యి ఎందుకు లేపారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కొంతకాలం నేను ఆ వార్తలు చదవలేదు. 2025 ఫిబ్రవరి చివర మాత్రం ఒక వార్త కంటబడింది. ప్రభుత్వ గణాంక శాఖ వారు దేశమంతా జనం సమయం ఎలా గడుపుతున్నారో 2024లో సర్వే చేశారట. ఇంటి పనిలో పాలుపంచుకునే స్త్రీలు సగటున రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారట. ఆ సర్వేలో రోజు తెల్లవారుజామున 4 గంటలకు మొదలై మర్నాడు 4 గంటలకు ముగుస్తుంది, అరగంటకొక గడి. గడులంటే నాకు అప్పటికే పడదు. కానీ లెక్కల టీచరును కదా, ఊరుకోలేక చిన్నదాని నోట్‌బుక్కులో 48 గడులు గీశాను. నాకొక పేజీ, మావారికొక పేజీ.

ఒక రోజంతా రాశాను. 4 గంటలకు నిద్ర. 4.30కి నిద్ర అని రాయబోయాను, మామయ్య పిలిచారు. 5కి వాకిలి, 5.30కి పొయ్యి. ఇక్కడే చిక్కొచ్చింది. 6 నుంచి 6.30 వరకు అన్నం వండుతూ, పెద్దదానికి భిన్నాలు చెబుతూ, చిన్నవాడి చొక్కా గుండీ కుడుతూ, మామయ్య చేతికి బంతి నొక్కే వ్యాయామం చేయిస్తున్నాను. ఒక గడిలో నాలుగు పనులు. గడికి ఒకటే రాయాలంటే ఏది రాయను? భిన్నం రాయడానికి గడి సరిపోలేదు గనుక "వంట" అని రాసి మిగిలిన మూడూ పక్కన చుక్కలు పెట్టాను. రాత్రికి గడులు 48, చుక్కలు 31.

మావారి పేజీ నింపడానికి ఆయన్ను ఒక కంట కనిపెట్టాను. అది మిరప కల్లాల కాలం, ఎండలు మొదలై మోటార్లు కాలుతున్న రోజులు. పాపం ఆయనా పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపులోనే. ఇంటి పని కింద మొత్తం 20 నిమిషాలు తేలింది. అందులో ఆరు నిమిషాలు కళ్ళజోడు వెతుక్కోవడం. అది ఇంటి పని కాదని నేను, వెతికింది ఇంట్లోనే కదా అని ఆయన. మామయ్య మంచం మీద నుంచి కదిలిపోయి నవ్వారు. ఆ పక్షవాతం తరువాత ఆయన అంత పెద్దగా నవ్వగా వినడం నాకదే మొదలు.

నేను పోట్లాడలేదు. నోట్‌బుక్కు పేజీ చింపి షాపులో, కరెంటు బిల్లులు గుచ్చే కడ్డీకి గుచ్చి వచ్చానంతే. రెండు రోజులు ఆయన ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు, "దేశంలో మగవాళ్ళది 88 అంటే, వాళ్ళెవరో చెయ్యబట్టే కదా ఆ సగటు వచ్చింది" అన్నారు. అవునన్నాను. "నేను సగటుకన్నా తక్కువా?" అన్నారు. మోటారు చుట్లు లెక్కపెట్టే మనిషికి తక్కువ అనే మాట పడదు. మర్నాటి నుంచి మామయ్య స్నానం, చిన్నవాణ్ణి బడికి తయారు చేయడం ఆయన వాటా అయ్యాయి. చిన్నవాడి తల దువ్వితే పాపిడి ఏన్కూరు దారిలా వంకర పోయేది. నేను దిద్దలేదు. దిద్దితే ఆ పని మళ్ళీ నాకే వచ్చేది. చదువరుల్లో అక్కచెల్లెళ్ళు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

2025 జూన్‌లో చిన్నవాడు ఒకటో తరగతిలో చేరాడు. మామయ్య చేతికర్రతో వసారా నుంచి వాకిలి దాకా నడుస్తున్నారు. నేను వైరాలో ఒక ప్రైవేటు బడికి లెక్కల టీచరుగా ఇంటర్వ్యూకు వెళ్ళాను. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మనకు టికెట్టు లేదు గనుక దారి ఖర్చు సున్నా. ఉచితమైనప్పటి నుంచి సీటు దొరకడం కూడా ఇంచుమించు సున్నా, అది వేరే సంగతి. ఒంటికాలి మీద నిలబడి వెళ్ళాను.

ఆ ప్రిన్సిపాలు గారు నా కాగితాలు చూసి, కనుబొమలు లేపి, "2019 నుంచి 2025 దాకా ఖాళీ ఉందేమిటమ్మా?" అన్నారు. ఈ ప్రశ్నకు నేను పదిహేను రోజులు జవాబు తయారు చేసుకున్నాను. పసిబిడ్డ, పక్షవాతం, డీఎస్సీ, అన్నీ వరసగా. తీరా నోటికి వచ్చింది వేరు. అంతకు ముందు రోజే మా అత్తయ్య, పొలంలో నారు వేసే లోపల జీలుగ చల్లించాలని గొడవ చేసింది. "ఖాళీ కాదు సార్, జీలుగ చల్లాను" అన్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన రైతు బిడ్డట. జీలుగ పూతకొచ్చాక దున్ని మట్టిలో కలిపేస్తారని, ఆ పైరును అమ్మరని, అయినా దాన్ని ఎవరూ బీడు అనరని తెలిసిన మనిషి. పకపకా నవ్వి, "సోమవారం నుంచి రండి" అన్నారు. జీతం మాత్రం నేను 2019లో మానేసిన నాటి జీతం కన్నా 1,500 తక్కువ చెప్పారు. నవ్వినంత మాత్రాన రూపాయి పెంచాలని ఎక్కడా లేదు కదా.

తొలివారం కథ చెప్పాలంటే మరో వ్యాసం అవుతుంది. మూడో రోజుకే గొంతు పోయింది. ఇంట్లో ఆరేళ్ళు అరిచిన గొంతు కదా, ఎందుకు పోయిందో ఇప్పటికీ అర్థం కాదు. సుద్దముక్క బదులు తెర మీద వేలు పెట్టి రాసే బోర్డు వచ్చింది. మౌసు నేర్పిన కూతురే మళ్ళీ దిక్కయింది. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఇంటి లెక్కలన్నీ ఫోనులో కృత్రిమ మేధతో చేయించుకొచ్చాడు. ఒక్క తప్పు లేదు. "చివరి అడుగు ఎందుకు వేశావురా?" అని అడిగితే, "అది వేసింది మేడమ్" అన్నాడు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటికి కూడా సందేహాలు వస్తాయి. వాటిలో లెక్కలవి తక్కువ, టై రంగువి ఎక్కువ. నాకన్నా పదేళ్ళు చిన్నదైన హిందీ టీచరు ఈ మధ్యనే పెళ్ళి చేసుకుంది. స్టాఫ్‌రూములో ఒక రోజు నా పక్కన కూర్చుని, "మళ్ళీ రావడం కష్టమా అక్కా?" అని మెల్లగా అడిగింది. జీతం 1,500 తగ్గిందని, రాత్రి కాళ్ళు లాగుతాయని, చిన్నవాడికి జ్వరం వస్తే ఒక రోజు తను, ఒక రోజు నేను అని మావారితో ముందే ఒప్పందం చేసుకున్నానని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఆ చివరి మాటను తన డైరీలో రాసుకుంది.

మొన్న రాత్రి తొమ్మిదింటికి దిద్దాల్సిన పేపర్ల కట్టతో ఇల్లు చేరాను. వంటింట్లో దీపం వెలుగుతున్నది. మావారు గోంగూర పప్పులో రెండుసార్లు ఉప్పు వేసి, అది తగ్గించడానికి నీళ్ళు పోసి, నీళ్ళు తగ్గించడానికి మళ్ళీ పొయ్యి మీద పెట్టి నిలబడి ఉన్నారు. మామయ్య కర్ర పక్కన పెట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చుని పర్యవేక్షణ చేస్తున్నారు. గోడకున్న క్యాలెండరు మీద ఆ రోజు తేదీ గడిలో మావారి దస్తూరీతో పెన్సిలుతో 94 అని ఉంది. కింద చిన్న అక్షరాలతో, "కళ్ళజోడు కలపలేదు."